ప్రొటీన్లు ‘చిక్కబడతాయా’, ‘పేరుకుంటాయా’, ‘పోగుపడతాయా’?

ప్రశ్న పెట్టినవారు:
మైక్రోఫ్లూయిడిక్ చిప్ (వెంట్రుకంత సన్నని కాలువల్లో ద్రవాన్ని నడిపే చిన్న పలక) తయారీ గురించి ఇంటర్ పిల్లలకు అర్థమయ్యేలా రాస్తున్నాను. ‘ప్రీకాన్సంట్రేషన్’ దగ్గర, అంటే ప్రొటీన్లను వేరుచేసే ముందు వాటిని ఒకచోట ఎక్కువగా చేర్చడం దగ్గర, కలం ఆగింది. అనువాద యంత్రం ‘ముందస్తు ఏకాగ్రత’ అంది, ప్రొటీన్లు ధ్యానానికి కూర్చున్నట్టు! మిత్రులొకరు ‘సాంద్రీకరణ’ అన్నారు. నా చిప్ నాఫియాన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థపు పొరతో, కరెంటుతో పనిచేసే రకం. ఏ మాట వాడమంటారు?

కెమిస్ట్రీ లెక్చరర్:
సాంద్రీకరణ వద్దండీ. ఆవిరి చల్లబడి నీరవడానికి ఆ మాటను పిల్లలు బడిలోనే నేర్చుకున్నారు. సాంద్రత అంటే డెన్సిటీ అనీ వాళ్లకు తెలుసు. కాన్సంట్రేషన్‌కి గాఢత ఉంది కదా, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం అంటున్నాం. ‘గాఢత పెంచడం’ అంటే చాలు.

చిప్‌లు చేసేవారు:
‘గాఢత పెంచడం’ ఫలితాన్ని చెబుతుంది, జరిగే పనిని చెప్పదు. చిప్‌లో రెండు కాలువలు, వాటి మధ్య నాఫియాన్ వంతెన. నాఫియాన్ ధన అయాన్లనే పోనిస్తుంది. నమూనా కాలువ రెండు చివర్లా ఉదాహరణకు 50, 25 వోల్టులు పెట్టి, పక్క కాలువను గ్రౌండ్ చేస్తే, వంతెన దగ్గర నమూనా వైపు అయాన్లు తరిగిపోతాయి. అయాన్లు తక్కువైన చోట విద్యుత్ క్షేత్రం బలంగా ఉంటుంది. ద్రవం ప్రొటీన్‌ను ముందుకు లాగుతుంటే, ఆ క్షేత్రం రుణావేశమున్న ప్రొటీన్‌ను వెనక్కి నెడుతుంది. రెండూ సమానమైన చోట ప్రొటీన్ నిలిచిపోతుంది, వెనక వచ్చేది దానికి తోడవుతుంది. నీరు మాత్రం సాగిపోతూనే ఉంటుంది. అమెరికాలోని ఎంఐటీలో 2005లో, నాఫియాన్ బదులు 40 నానోమీటర్ల లోతున్న కాలువలతో, గాఢతను పది లక్షల రెట్ల దాకా తెచ్చింది ఈ పద్ధతితోనే. కాబట్టి ‘పోగుచేయడం’ అంటాను.

తెలుగు మాస్టారు:
‘చిక్కబరచడం’ ఏం పాపం చేసింది? వంటింటి మాట, అందరికీ తెలుసు.

చిప్‌లు చేసేవారు:
మాస్టారూ, పాలు చిక్కబడితే నీరు పోయిందని అర్థం. ఇక్కడ నీరు ఆవిరైతే అది తప్పు జరిగినట్టు. చివరి గుంటల్లో ఉండేది కొన్ని పదుల మైక్రోలీటర్లే, మూత పెట్టకపోతే కాసేపటికే తగ్గిపోతుంది. అప్పుడు బఫర్‌లోని (ప్రొటీన్‌ను కలిపిన, ఆమ్లత్వం మారని ద్రావణంలోని) లవణమూ చిక్కబడుతుంది. 1 మిల్లీమోలార్ ఫాస్ఫేట్‌లో చక్కగా ఏర్పడే పోగు, లవణం పెరిగేకొద్దీ ఆలస్యమై, బలహీనపడుతుంది. ఆ మాటను ఈ లోపానికే అట్టిపెట్టండి.

ప్రశ్న పెట్టినవారు:
మరి ‘పేరుకోవడం’? బాకీలు పేరుకున్నట్టు.

కెమిస్ట్రీ లెక్చరర్:
బాకీలకు సరే. ప్రొటీన్ విషయంలో మాత్రం పెరుగు గుర్తొస్తుంది. పెరుగు పేరుకోవడమంటే పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ కణాలు ఒకదానికొకటి అతుక్కోవడమే. చిప్‌లో మనకు కావలసింది అలా ముద్ద కాని ప్రొటీన్.

చిప్‌లు చేసేవారు:
నాఫియాన్ అంచున అలా ముద్దకట్టడం నిజంగానే జరుగుతుంది. పోగు మరీ గాఢమైతే గోడకు అతుక్కుపోయి, కరెంటు ఆపినా కదలదు. కనుక ‘పేరుకుంది’ రెండో లోపానికి. మంచి మాటలు రెండూ తప్పులకే పోయాయి!

తెలుగు మాస్టారు:
ఒప్పుకున్నాను. ‘పోగు’లో వేరు వేరుగా ఉన్నవి ఒకచోట చేరాయన్న అర్థం ఉంది, వడ్లు పోగేసినట్టు. మళ్లీ చెదరగొట్టవచ్చు కూడా. ‘ముందస్తు’ మాత్రం బెయిలుకు వదిలేసి, ‘ముందుగా పోగుచేయడం’ అనండి.

ప్రశ్న పెట్టినవారు:
తయారీ పేరా పెడుతున్నాను, సరిదిద్దండి: “సిల్గార్డ్ 184 అనే సిలికోన్ రబ్బరు రెండు భాగాలను 10:1 బరువులో, అంటే 50 గ్రాములకు 5 గ్రాములు, కలిపి వాక్యూమ్‌లో బుడగలు తీయాలి. అచ్చులో పోసి 65 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు కాల్చాలి. గాజు పలక మీద 5 శాతం నాఫియాన్ ద్రావణాన్ని సన్న గీతగా పరిచి, 95 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఆరబెట్టాలి. సిలికోన్, గాజు రెండింటి ఉపరితలాలకూ ఆక్సిజన్ ప్లాస్మా (విద్యుత్తుతో అయాన్లుగా మారిన ఆక్సిజన్ వాయువు) తగిలించి అతికించాలి. అప్పుడు ప్రొటీన్లను విడగొట్టవచ్చు.”

చిప్‌లు చేసేవారు:
‘కాల్చాలి’ కాదు, ‘గట్టిపడనివ్వాలి’. గీత సన్నగా అంటే వెడల్పు తక్కువనుకుంటారు, ‘పలచగా’ అనీ చేర్చండి. మందం మైక్రాన్ దాటకపోతే మంచిది. మందమైతే అంచుల్లో సిలికోన్ గాజుకు ఆనదు, సందు మిగులుతుంది, కరెంటు పొరలోంచి కాక ఆ సందులోంచి పోతుంది. చిప్ పనిచేస్తున్నట్టే ఉంటుంది, పోగు మాత్రం పడదు. ప్లాస్మా తర్వాత ఆలస్యం చేయకుండా అతికించాలి, ఉంచితే ఉపరితలం మళ్లీ నీటిని తిప్పికొట్టే గుణానికి వస్తుంది.

కెమిస్ట్రీ లెక్చరర్:
‘విడగొట్టవచ్చు’ కూడా మార్చండి. ప్రొటీన్‌ను విడగొట్టడమంటే ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో ముక్కలు చేయడమనుకుంటారు. ఒకదాన్నుంచి మరొకదాన్ని ‘వేరుచేయడం’.

చిప్‌లు చేసేవారు:
అవును. పోగు కట్టాక దాన్ని వదిలి జెల్ నింపిన కాలువలోకి నడిపిస్తే ఒక్కో ప్రొటీన్ ఒక్కో వేగంతో పోతుంది. పోగు ఎంత ఇరుకైతే ఒక్కో ప్రొటీన్ పట్టీ అంత విడిగా కనిపిస్తుంది. ఇంకో మాట: రెండు చివర్ల వోల్టేజీల తేడా ఎక్కువైతే పోగు నాఫియాన్‌ను దాటి జారిపోతుంది, తక్కువైతే వెనక్కి, ప్రవేశ గుంట వైపు జరుగుతుంది. ఇది పేరాలో తప్పక ఉండాలి, మొదటిసారి చేసేవారు చిక్కుకునేది ఇక్కడే.

తెలుగు మాస్టారు:
అయాన్లు తరిగిన చోటును ‘క్షీణ మండలం’ అని రాస్తే క్షయ వార్డు గుర్తొస్తుందేమో!

ప్రశ్న పెట్టినవారు:
‘అయాన్ల లేమి ప్రాంతం’ అని రాసుకున్నాను. నాఫియాన్, ఛానెల్ అలాగే ఉంచి, బొమ్మ కింద ‘కాలువ’ అంటాను.