‘నాకౌట్’కి తెలుగు: పడగొట్టడమా, ఊడగొట్టడమా?

జయనగర్ సభ్యురాలు: కేంద్రక భౌతికంలోని ‘నాకౌట్ చర్య’ని ‘పడగొట్టే చర్య’ అని రాశాను. ఆదివారం మన బెంగళూరు తెలుగువాళ్ల ముందు చదవాలి. సరిపోతుందాండీ?

మల్లేశ్వరం సభ్యుడు: సరిపోదండీ. పడగొడితే గోడ మొత్తం కూలుతుంది. ఇక్కడ కేంద్రకం కూలదు, అందులోంచి ఒక్క ప్రోటానో న్యూట్రానో పోతుందంతే. పన్ను ఊడగొట్టినట్టు. పన్ను పోయాక మిగిలిన దవడనే మనం కొలుస్తాం. కాబట్టి ‘ఊడగొట్టడం’.

బెరీలియం-11 చూడండి: 4 ప్రోటాన్లు, 7 న్యూట్రాన్లు. చివరి న్యూట్రాన్ పట్టు 0.5 ఎంఈవీ (కేంద్రకాల శక్తిని కొలిచే ప్రమాణం) మాత్రమే, మామూలుగా 8 దాకా ఉంటుంది. కాంతి వేగంలో మూడో వంతుతో ఈ కేంద్రకమే దూసుకెళ్లి, కదలకుండా ఉన్న బెరీలియం-9 రేకుని తాకుతుంది. ఊడేది దూసుకొచ్చినదానికే, రేకుకి కాదు. చాలామంది ఇది తిరగేసి రాస్తారు. అవతల బయటపడిన బెరీలియం-10 ద్రవ్యవేగాన్ని (ద్రవ్యరాశి, వేగాల లబ్ధాన్ని) కొలిస్తే, పోయిన న్యూట్రాన్ లోపల ఎలా తిరిగేదో తెలుస్తుంది: పరిమాణం అంతే, దిశ ఎదురు. అలా కొలిచిన ద్రవ్యవేగాల వ్యాప్తి సుమారు 45 ఎంఈవీ/సి (ఇది ద్రవ్యవేగానికి ప్రమాణం). గట్టి పట్టున్న న్యూట్రాన్‌కైతే 200 దగ్గరికి పోతుంది. వ్యాప్తి ఇంత సన్నగా ఉందంటే న్యూట్రాన్ చోటులో అంత దూరం పరుచుకుని ఉందని. హైజెన్‌బర్గ్ సూత్రం చెప్పేదదే.

కోరమంగళ సభ్యురాలు: మాట బాగుంది, కానీ సగానికే సరిపోతుంది. న్యూట్రాన్ రేకులోని కేంద్రకాన్ని గుద్దుకుని, దానికి అదనపు శక్తినిచ్చి ఉద్రేకపరిస్తే అది ఊడగొట్టడమే. రేకు కేంద్రకం చెక్కుచెదరకుండా ఉండి, బెరీలియం-11 మాత్రం వివర్తనంతో (తరంగంలా వంగి చెదరడంతో) విడిపోతే అది ‘ఊడిపోవడం’. మిగిలిన ముక్కని మాత్రమే పట్టుకునే ప్రయోగంలో రెండూ కలిసే లెక్కకొస్తాయి. ఇంగ్లీషు మాట రెంటినీ ఒకే సంచిలో వేసింది, మన క్రియలు విడదీస్తాయి. ఆ తేడా పోగొట్టకండి.

ఇంకొకటి. బెరీలియం-10 ఒక్కోసారి ఉద్రేక స్థితిలో మిగిలి 3.37 ఎంఈవీ గామా కిరణం వదులుతుంది. దాన్ని పట్టకపోతే అన్నీ భూస్థితివే (అతి తక్కువ శక్తి స్థితివే) అనుకుని లెక్క తప్పుతాం. పైగా ముక్క పరుగులో ఉండగానే వదులుతుంది గనక, సూటిగా ముందు నిలబెట్టిన శోధకంలో అదే గామా 4.8 దగ్గర కనిపిస్తుంది. కోణాన్ని బట్టి డాప్లర్ సవరణ చేయాల్సిందే.

మల్లేశ్వరం సభ్యుడు: ఒప్పుకున్నానండీ. ఇలా చివరి న్యూట్రాన్ దూరం దాకా పరుచుకున్న కేంద్రకాన్ని ఇంగ్లీషులో ‘హాలో’ అంటారు కదా, దానికి మాత్రం ‘పరివేషం’ వద్దు, చంద్రుడి చుట్టూ కట్టే ‘వరదగుడి’ ఉంది కదా.

జయనగర్ సభ్యురాలు: ఇలా మార్చాను: “వరదగుడి కేంద్రకం రేకుని తాకినప్పుడు చివరి న్యూట్రాన్‌ని రేకు ఊడగొట్టవచ్చు, లేదా అదే ఊడిపోవచ్చు.”