అమ్మకి ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ జారిందట, వెన్నుపాము నలిగినట్టేనా?

ప్రశ్న:
అమ్మకి 52 ఏళ్లు. రెండు నెలలుగా నడుం నొప్పి, అది ఎడమ కాల్లోకి లాగుతోంది, బొటనవేలు మొద్దుబారి చెప్పు జారిపోయినా తెలీట్లేదంటోంది. ఎమ్మారైలో ఎల్4-ఎల్5 డిస్క్, అంటే నడుం నాలుగో, ఐదో పూసల మధ్య ఉండే మెత్త, జారిందని వచ్చింది, డాక్టరుగారేమో ఎల్5 నరం నొక్కుకుంటోంది అన్నారు. 4, 5 మధ్యలో నొక్కితే 4 కదా నలగాలి? చుట్టాలైతే వెన్నుపాము పోతే ఇక మంచమే అంటున్నారు, రెండ్రోజులుగా నిద్ర లేదు.

జవాబు 1:
ముందు ఆ భయం వదిలెయ్యండి, మామూలుగా పెద్దవాళ్లకి ఎల్4-ఎల్5 దగ్గర వెన్నుపామే ఉండదు. పుర్రె కింద మొదలై ఇంచుమించు 45 సెంటీమీటర్లు దిగి ఎల్1-ఎల్2 దగ్గర ఆగిపోతుంది. పుట్టినప్పుడు ఎల్3 దాకా ఉంటుంది కానీ పెరిగేకొద్దీ ఎముకలు ముందుకెళ్లిపోయి పాము పైనే ఉండిపోతుంది. అక్కణ్ణుంచి కిందికి ఉండేవి నరాల వేర్లే, గుర్రం తోక అంటారు. నేను ఫిజియోథెరపీ చదివేటప్పుడు డిసెక్షన్ హాల్లో పొర కోసి చూపించారు, పాము సన్నబడి ఆగిన చోట తెల్లటి దారాల కట్ట వేలాడుతోంది, వేలితో కదిపితే దేనికది విడిపోయింది. సిజేరియన్‌కి నడుంలో మత్తు ఇంజక్షన్ అంత కిందగా వేసేది కూడా అందుకే.

ఇక 4, 5 సంగతి. ఎల్4 నరం ఎల్4 పూస కింద నుంచే బయటికొస్తుంది కానీ డిస్క్ కంటే కాస్త పైనే పక్కకి వెళ్లిపోతుంది. ఎల్5 మాత్రం కింది పూసకి పోవాలి కాబట్టి ఆ డిస్క్ వెనకనుంచే దిగుతుంది, జారితే ఎక్కువగా అదే దొరికిపోతుంది.

జవాబు 2:
మెడ దగ్గర లెక్క వేరండీ, పూసలు 7 నరాలు 8, మొదటిది మొదటి పూస పైనుంచే వస్తుంది కాబట్టి. ఛాతీలో 12, నడుంలో 5, త్రికంలో (నడుం కింది ఎముక) 5, తోక ఎముక దగ్గర 1, మొత్తం 31 జతలు. ప్రతి నరానికీ రెండు వేర్లు, వెనకది స్పర్శ లోపలికి తెస్తుంది, ముందుది కండరాన్ని కదిలిస్తుంది. అమ్మకి స్పర్శ తగ్గింది సరే, బలం ఉందో లేదో చూడండి, గోడ పట్టుకుని మడమల మీద నడవమనండి.

జవాబు 3:
ఒంటేలు ఆగిపోయినా, తెలీకుండా పడిపోయినా, తొడల మధ్య కూర్చునే చోట మొద్దుబారినా ఆ రాత్రికి రాత్రే హాస్పిటల్‌కి తీసుకెళ్లండి, తెల్లారనివ్వద్దు.

ప్రశ్న అడిగినవారు:
అవేం లేవండి, అడిగాను. వంటింటి గుమ్మం నుంచి హాల్ దాకా నడిపించాను, కుడి పాదం బాగానే లేచింది, ఎడమ బొటనవేలు మాత్రం నాలుగో అడుగుకే కిందికి వాలిపోయింది. రేపు పొద్దున్నే డాక్టరుగారికి ఇదే చెప్తాను.