సమస్య: “రెండు రెట్టింప రెట్టింప లెక్క బేసి”

నిర్వాహకుడు (తిరుపతి): ఈ వారం ఛందస్సు తేటగీతి; పైన ఇచ్చిన పాదమే చివరిదిగా పద్యం పూరించాలి. రెండును ఎన్నిసార్లు రెట్టించినా సరిసంఖ్యే రావాలి. మరి బేసి ఎలా అయింది? యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒక అక్షరం పొసగడం) గురించి ముందే అడిగారు కనుక చెబుతున్నాను: ర-లలకు అభేదయతి చెల్లుతుంది, అంటే “రె”కు “లె” పొసగుతుంది.

చంద్రగిరి సభ్యుడు: చదరంగపు గడుల లెక్క తీసుకున్నాను.

ఒంటి గింజను తొలిగడి నుంచి పిదప
గడికి గడికిని రెండింత గాఁగఁ బేర్చి
అఱువదియు నాల్గు గడులెల్ల నరసి కూడ
రెండు రెట్టింప రెట్టింప లెక్క బేసి

మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు. రెండో గడి నుంచి అన్నీ సరిసంఖ్యలే. తొలిగడిలోని ఆ ఒక్క గింజే మొత్తాన్ని బేసి చేసింది.

నిర్వాహకుడు: చక్కని పూరణ, అభినందనలు. ఈ సంఖ్యనే గణితాన్ని తెలుగు పద్యాల్లో చెప్పిన కవి పావులూరి మల్లన ఏనాడో ఒక పద్యంలో బంధించాడు. బాణాలంటే అయిదు, చంద్రుడంటే ఒకటి అంటూ ఒకట్ల స్థానం నుంచి ఎడమకు ఇరవై అంకెలూ చెప్పాడు. తలచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది. ఒక్క సవరణ: “తొలిగడి నుంచి” అని మీరన్నది “తొలిగడిలో ఉంచి” అని, కానీ “తొలిగడి నుండి” అనే అర్థం ముందుగా తోస్తుంది. “తొలిగడి నునిచి” అంటే గణమూ యతీ చెడవు, సందేహమూ ఉండదు.

చంద్రగిరి సభ్యుడు: ధన్యవాదాలు గురువుగారూ. “నునిచి” అనే మార్చుకున్నాను.

శ్రీకాళహస్తి సభ్యురాలు: అంత దూరం పోకుండా మూడు గడుల దగ్గరే ఆగాను.

ఏడుకొండల లెక్కయు నిట్టిదె కద
ఒకటి రెండును నాలుగు నొక్కచోట
కూడ నేడగు వేంకటకుధరవాస
రెండు రెట్టింప రెట్టింప లెక్క బేసి

పలమనేరు సభ్యుడు: మన కొండను తెచ్చినందుకు సంతోషం అమ్మా. కానీ ఇక్కడ రెండును రెట్టించినది ఒక్కసారే. సమస్యలో “రెట్టింప” రెండుసార్లు ఉంది.

శ్రీకాళహస్తి సభ్యురాలు: నేను రెట్టించినది ఒకటిని అండి. ఒకటి రెండయింది, రెండు నాలుగయింది. “రెండు” అంటే రెండు మార్లు అని నా అన్వయం.

నిర్వాహకుడు: అన్వయం కొంచెం లాగినట్టున్నా నిలుస్తుంది. ఏడుకొండలకు కుదరడం నాకు ఎంతో నచ్చింది.

చిత్తూరు గణితోపాధ్యాయుడు: ఆ పెద్ద సంఖ్యను కారణాంకాలుగా విడదీస్తే 3, 5, 17, 257, 641, 65537, 6700417 వస్తాయి. ఏడూ ప్రధాన సంఖ్యలే. చివరి 6700417ను 641తో హెచ్చిస్తే 4294967297, అంటే రెండును 32 సార్లు వేసి హెచ్చించి ఒకటి కలిపినది. గణితవేత్త ఫెర్మా దాన్ని ప్రధాన సంఖ్య అనుకున్నాడు. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ 641తో భాగించి, కాదని చూపాడు. ఒకటి కలిపితే అదీ బేసే కనుక సమస్యకు సరిపోతుంది. ఆయిలర్ పేరు తేటగీతిలో ఇమడడం లేదు. రేపు సాయంత్రంలోగా పూరణ పంపుతాను.