వంశవృక్షంలో ఇంటిపేరు మొత్తం క్యాపిటల్స్‌లోనా?

ప్రశ్న: మా వంశవృక్షం ఇంగ్లీషు అక్షరాల్లో ఆన్‌లైన్‌లో పెడుతున్నాం. ఆరు వందల పైచిలుకు పేర్లు. నేను ఇంటిపేరు మొత్తం క్యాపిటల్స్‌లో కొట్టాను, అన్నయ్య మొదటి అక్షరమే పెద్దది పెట్టాడు, చెల్లెలు అన్నీ చిన్నవే. చూస్తే టెన్షన్‌గా ఉంది. ఏది ఖాయం చేయమంటారు?

జవాబు: మీ అన్నయ్య పద్ధతే. క్యాపిటల్స్ కాగితం చార్టుల నాటి అలవాటు, ఇంటిపేరు ఏదో ఇట్టే కనబడాలని. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఇంటిపేరుకు వేరే గడి ఉంది. జెడ్‌కామ్ (GEDCOM, వంశవృక్షం వివరాలు ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి పంపుకునే ఫైల్ రకం) ఫైల్లో అయితే ఇంటిపేరు రెండు స్లాష్‌ల మధ్య ఉంటుంది.

జవాబు: అనుభవించి చెబుతున్నానండీ, క్యాపిటల్స్ వద్దు. మా కోడలి వైపు వాళ్ళు మక్‌డొనాల్డ్‌లు. కొందరు మధ్యలో 'డి' పెద్దది రాస్తారు, కొందరు చిన్నది. అన్నీ క్యాపిటల్స్ చేశాక ఆ తేడా పోయింది. వెనక్కి మార్చమంటే సాఫ్ట్‌వేర్ అందరికీ చిన్న 'డి' పెట్టేసింది. పాత పెళ్ళి పత్రాల్లో సంతకాలు భూతద్దంతో చూసుకుంటూ మూడు వారాలు దిద్దాను. సంతకం వాళ్ళ సొంతం కదా, దాన్ని మనం చెరపకూడదు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. నావి ఈ రాత్రే మార్చడం మొదలుపెడతాను. పత్రంలో వేరేగా ఉంటే అది నోట్స్‌లో ఉన్నదున్నట్టు రాస్తాను.