బలుసాకు తినొచ్చా? తిని బతకొచ్చా?

హబ్సిగూడ పరిశోధకుడు: క్యాన్సర్ కణాల జీవక్రియ గురించి తెలుగులో మాట్లాడాలి. 'బతికుంటే బలుసాకు' సామెతతో మొదలుపెడదామని ఉంది. చివర 'తినొచ్చు' అనాలా, 'తిని బతకొచ్చు' అనాలా? ఒకటి అంటుంటే రెండోది అడ్డొస్తోంది.

తార్నాక మాస్టారు: 'తినొచ్చు'నే. ముందు ప్రాణం, తర్వాత తిండి. 'బతికుంటే' అన్నాక మళ్ళీ 'బతకొచ్చు' ఎందుకు?

మలక్‌పేట అక్క: మా అమ్మమ్మ 'బలుసాకు తినైనా బతకొచ్చు' అనేది. బలుసు ముళ్ళపొద, ఆకు దూస్తే చేతులు గీరుకుపోతాయి. కరువులో అదే వండుకున్నవాళ్ళ మాట ఇది. ప్రాణం నిలిపేది తిండే.

పరిశోధకుడు: నా పేచీ కూడా ఆ వరుస దగ్గరే. ఆక్సిజన్ ఉన్నా క్యాన్సర్ కణాలు గ్లూకోజును లాక్టిక్ ఆమ్లం చేసేస్తాయని 1920ల్లో జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ గమనించాడు. ఆ దారిలో ఒక గ్లూకోజుకు మిగిలేది 2 ఏటీపీలు, అంటే కణం ఖర్చుపెట్టుకునే శక్తి నాణేలు. కణంలో శ్వాసక్రియ జరిగే మైటోకాండ్రియా దాకా పోతే సుమారు 30. శ్వాసక్రియ చెడటమే క్యాన్సర్‌కు మూలమని ఆయన వాదించాడు. చాలా కణితుల్లో మైటోకాండ్రియా బాగానే పనిచేస్తాయని, జన్యువుల్లో వచ్చే మార్పులే తిండి తీరును మారుస్తాయని తర్వాత తేలింది. కొత్త కణాలకు కావలసిన డీఎన్ఏ, కొవ్వుల ముడిసరుకు కూడా ఆ దారిలోనే దొరుకుతుంది.

మాస్టారు: అలాగైతే అది ఇల్లు కట్టే సరుకు, బలుసాకు కాదు. సామెత అతకదు నాయనా.

అక్క: గ్లూకోజు అందనప్పుడో?

పరిశోధకుడు: అప్పుడు కణం తన భాగాలనే కరిగించుకు తింటుందక్కా, ఆటోఫేజీ అంటారు. బలుసాకు అక్కడ అతుకుతుంది. ఇంకో సంగతి. శ్వాసక్రియలో ఎలక్ట్రాన్లు మోసే సైటోక్రోమ్ సి అనే ప్రోటీన్ మైటోకాండ్రియా దాటి బయటికొస్తే, కణాన్ని చంపే కాస్పేజులనే ఎంజైములు మేల్కొంటాయి, కణం చస్తుంది. గ్లూకోజును మొదట పట్టుకునే హెక్సోకైనేజ్-2 అనే ఎంజైము చాలా క్యాన్సర్ కణాల్లో మైటోకాండ్రియాను అంటిపెట్టుకుని, సైటోక్రోమ్ సి బయటికి రాకుండా అడ్డుపడుతుంది. తిండి పని చూసే ఎంజైమే చావునూ ఆపుతోంది. అందుకే నేను 'తిని బతకొచ్చు' వైపు మొగ్గుతున్నా.

మాస్టారు: ఆకుకూర మాటొస్తే శ్రీనాథుడే. పూతన పాలు తాగానని, దావాగ్ని మింగానని నిక్కకు, చింతచిగురు వేసిన ఉడుకు బచ్చలితో జొన్నకూడు ఒక్క ముద్ద మింగి చూడు అని కృష్ణుణ్ణే సవాలు చేశాడు!

అక్క: అది పల్నాటి తిండి మీద చెప్పిన చాటువు కదా, అక్కడ బచ్చలి బదులు బలుసే ఉండాలి.

మాస్టారు: కుదరదమ్మా. 'బచ్చలి' భగణం, 'బలుసు' నగణం. ఉత్పలమాలలో నాలుగో గణం భగణమే.

అక్క: గణం సరే. అసలా చాటువు శ్రీనాథుడిదేనా, ఆయన పేరున చేరిందా?

మాస్టారు: దేవుడితో 'నీ పస కాననయ్యెడిన్' అనే దర్పం ఇంకెవరికుందమ్మా?