గేటు బిగించకముందే మొత్తం డబ్బు అడగడం సబబేనా?

రాజాం వెల్డింగ్:
గ్రిల్లు, గేటు పనుల్లో సగం అడ్వాన్సు, మిగతా సగం బిగించాక అన్నది మన వైపు పాత అలవాటు. ఆ రెండో సగంలో మూడు నాలుగు వేలు నెలల తరబడి ఉండిపోతున్నాయి. బండి ఎక్కించకముందే పూర్తిగా కట్టించుకోవాలని కొందరంటారు. అలా అడిగితే బేరం పక్క షాపుకి పోతుందని ఇంకొందరు. ఏది నయం?

కాటామనిషి:
ముందే తీసుకోవాలి. కాకపోతే ప్రైమరు (రంగుకి ముందు వేసే తొలి పూత) కొట్టకముందు, కాటా మీద. గేటు 120 కిలోలు తూగింది, కిలో 130కి ఒప్పందం అనుకుందాం. బిల్లు 15,600. ఆర్డరు రోజున 7,800, కాటా రోజున 6,240, బిగించాక 1,560. ఆ చివరిది ఆలస్యమైనా ఇనుము కొట్టు బాకీ తీరిపోయి ఉంటుంది. సగం సగం పద్ధతిలో అడ్వాన్సు పైపులకే సరి. వెల్డింగు రాడ్లు, కటింగు వీల్సు, కరెంటు, కుర్రాళ్ల కూలి మన జేబులోంచే.

ఇంకోటి. చాలా బాకీలు డబ్బు లేక ఆగవు, బరువు మీద అనుమానంతో ఆగుతాయి. 40×40 స్క్వేరు పైపు 2 ఎంఎం మందమైతే ఆరు మీటర్ల లెంతు 14 కిలోల పైచిలుకు తూగాలి. అదే 1.6 ఎంఎం అయితే పదకొండున్నర. కొటేషన్లో మందం రాయకపోతే "పలచటి పైపు వేశావు" అన్న మాట సరిగ్గా డబ్బు అడిగిన రోజే వస్తుంది. మందం రాయండి, కాటా అంకె, గేటు రెండూ కనపడేలా ఫొటో తీయండి, చీటీ మీద సంతకం పెట్టించండి.

ఉద్దానం ఫ్యాబ్రికేషన్:
కాటా దగ్గరికి ఎవరొస్తారు బావూ? మా వైపు ఇల్లు కట్టించేది ఊళ్లో ఉన్న నాన్న, డబ్బు పంపేది ఎక్కడో పనిలో ఉన్న కొడుకు. నాన్న సరేనన్న డిజైను కొడుకు చూసి ఉండడు. జీడితోటల ఇళ్లలో మార్చి నుంచి మే దాకానే చేతిలో డబ్బు ఆడుతుంది. వరి ఊళ్లలో ధాన్యం డబ్బులు పడితేగానీ కదలదు, అంటే సంక్రాంతి అటూ ఇటూ. అక్టోబరులో పూర్తిగా కట్టమంటే పనే రాదు.

కాటామనిషి:
అయితే కొటేషను కొడుక్కే వాట్సాప్‌లో పంపి, "ఒప్పుకున్నాను" అని అతని చేతే రాయించుకోండి. పంట గడువు ఇస్తే ఇవ్వండి గానీ అడ్వాన్సులో తగ్గొద్దు. కాటా మాత్రం గృహప్రవేశానికి వారం ముందు పెట్టుకోండి. ముహూర్తం ముందు గేటు అందరికీ బేగి కావాలి, భోజనాలయ్యాక ఫోనే ఎత్తరు. పిల్లరు ప్లాస్టరింగు కాలేదని బిగింపు ఆగిపోతుంది కదా, అందుకే బిగింపు కూలి బిల్లులో విడిగా చూపాలి.

బొబ్బిలి గ్రిల్స్:
ఇంత తతంగం దేనికి? ఇవ్వకపోతే గ్రైండరు పట్టుకెళ్లి కోసుకొచ్చేయడమే.

లెక్కల మాష్టారు, విజయనగరం:
ఆ పని మాత్రం చేయకండి. ఒకసారి గోడకి బిగించాక అది వాళ్ల ఇంటి భాగం. కోసుకొస్తే కేసు మీ మీదే. సరుకు మీ షాపులో ఉన్నంతవరకే ఆపే హక్కు. 1930 సరుకుల అమ్మకపు చట్టం 47వ సెక్షను అదే చెబుతుంది. పైపు వాళ్లే తెచ్చిచ్చి పని మీరు చేస్తే అదే హక్కు 1872 కాంట్రాక్టు చట్టం 170వ సెక్షను కింద. అయితే గడువిచ్చి అమ్మిన సరుకుని ఆ గడువు తీరేదాకా ఆపలేరు. ఉద్దానం వారు పంట గడువు రాసిచ్చే ముందు ఇది చూసుకోవాలి.

బాకీ దావాకి గడువు మూడేళ్లు. అది దాటకముందే బాకీ ఒప్పుకుంటూ సంతకం చేస్తే అక్కణ్నుంచి మళ్లీ మూడేళ్లు. చిన్న మొత్తాలకి కోర్టు కంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ మేలు. లోక్ అదాలత్‌కి ఫీజు లేదు, రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో, అంటే తీర్పుతో సమానం. చెక్కు తిరిగొస్తే బ్యాంకు సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. నోటీసు అందాక వాళ్లకి 15 రోజులు, ఆ తర్వాత నెలలోపు మీరు ఫిర్యాదు వేయాలి. ఎక్కువమంది మొదటి 30 రోజుల్నే "రేపు ఇస్తాను" అన్న మాట నమ్మి పోగొట్టుకుంటారు.

మిల్లులకీ కాంట్రాక్టర్లకీ చేసే పని వేరు. ఉద్యమ్ నమోదు, అంటే చిన్న పరిశ్రమలకి ప్రభుత్వం ఇచ్చే నమోదు, మీకు ముందే ఉంటే, రాతలో ఎంత గడువున్నా వాళ్లు డబ్బు కట్టడం 45 రోజులు దాటకూడదు. రాత లేకపోతే 15. దాటితే రిజర్వ్ బ్యాంకు బ్యాంకు రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఇది తయారీ, సేవల వారికే. పైపు కొని పైపు అమ్మే కొట్లకి ఉద్యమ్ నమోదు ఉన్నా ఈ రక్షణ వర్తించదు.

బొబ్బిలి గ్రిల్స్:
కోసుకురావడం వెనక్కి తీసుకున్నాను. కానీ అయినవాళ్లని కాటా చీటీ మీద సంతకం పెట్టమంటే మొహం మాడ్చుకుంటారు, దానికేం చేస్తారు?

కాటామనిషి:
అందరికీ ఒకే పుస్తకం, ఒకే చీటీ పెట్టండి. ఒకరికి మినహాయిస్తే రెండోవాడు అడుగుతాడు.

ఉద్దానం ఫ్యాబ్రికేషన్:
పుస్తకం ఒప్పుకుంటాను. కాటా రోజు 40 శాతం మాత్రం మా వైపు నడవదు. 25 అడిగి, మిగతాది కొడుకు పేరున తేదీ రాసి పెట్టించుకుంటాను. మాష్టారు చెప్పిన 47వ సెక్షను పోతుందని తెలిసే.

రాజాం వెల్డింగ్:
నా కొటేషను కింద ఇకనుంచి: "పైపు మందం 2 ఎంఎం. బరువు ప్రైమరుకి ముందు మీ ఎదుట. కాటా రోజు బిల్లులో 90 శాతం చేరాకే బండి కదులుతుంది. బిగింపు కూలి వేరు." ప్లాస్టరింగు అవ్వక గేటు షాపులోనే నెల ఉండిపోతే అద్దె అడగొచ్చా, అన్నది ఎవరైనా చెప్పండి.