యుద్ధం ఖర్చు, ధరలు, మన జిల్లాలు: బిల్లు ఎవరు కడుతున్నారు?

కాశీనగర్ రైతు:

గత వారం మన దక్షిణ ఒడిశా జిల్లాల వాళ్ల ఈ చర్చలో ‘దేశం ముఖ్యమా, వంటనూనె రేటు ముఖ్యమా’ అని ఒకరు అడిగితే కమలం వాళ్లు, శంఖం (బీజేడీ) వాళ్లు, హస్తం వాళ్లు కలిసి ఒకరినొకరు తిట్టుకుని వదిలేశారు. అసలు ఆ ప్రశ్న అడిగిన తీరే తప్పు. పహల్గాంలో 26 మందిని చంపాక 2025 మేలో మన సైన్యం కొట్టింది, కొట్టాలి కూడా. రక్షణకి ఖర్చు పెట్టొద్దని పర్లాకిమిడిలో గానీ గుణుపురంలో గానీ ఎవరూ అనగా నేను వినలేదు. 2025-26 బడ్జెట్‌లో కేంద్రం రక్షణకి 6.81 లక్షల కోట్లు పెట్టింది, మొత్తం ఖర్చులో 13 శాతం పైమాటే. పెట్టనీ. నేను అడిగేది ఒక్కటే, ఆ డబ్బు ఎవరి దగ్గర వసూలు చేస్తున్నారో ముఖాన చెప్పి వసూలు చేయమని.

1971లో అలాగే చేశారు. తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) నుంచి కోటి మంది దాకా శరణార్థులు వచ్చారు, వాళ్లకి తిండి పెట్టాలి, డబ్బు కావాలి. ఆ ఏడాది నవంబరు 15 నుంచి ఉత్తరాల మీద మామూలు స్టాంపుతో పాటు 5 పైసల ‘రెఫ్యూజీ రిలీఫ్’ స్టాంపు కూడా అంటించాలన్నారు. 1973 మార్చి దాకా నడిచింది. ఉత్తరం రాసిన ప్రతివాడికీ తెలుసు, ఈ 5 పైసలు ఎందుకు పోతున్నాయో.

ఇప్పుడు డీజిల్ చూడండి. 2014లో లీటరుకి కేంద్ర ఎక్సైజ్ 3 రూపాయల 56 పైసలు. 2020 మే నాటికి 31 రూపాయల 83 పైసలు. 2021 నవంబరులో కొంత తగ్గించారు, ఉక్రెయిన్ యుద్ధం మొదలై గోల పెరిగాక 2022 మేలో 15.80కి దించారు. 2025 ఏప్రిల్‌లో మళ్లీ 2 రూపాయలు కలిపారు, అప్పటికి ముడిచమురు తగ్గింది కాబట్టి బంకులో రేటు కదల్లేదు, మనకి తగ్గాల్సింది తగ్గలేదన్న సంగతే చాలామందికి తెలియలేదు. మా ఊళ్లో దున్నకానికి ట్రాక్టరు పిలిస్తే అతను డీజిల్ లెక్క కట్టే గంటకింత అంటాడు. అది రసీదు లేని పన్ను. ఉద్యోగికి ధరలు పెరిగితే డీఏ పెరుగుతుంది, కేంద్రంలో 2025 జూలై నుంచి 58 శాతం అయింది. నాట్లకి వెళ్లే మనిషికి ఏం పెరుగుతుంది?

గోళబంధ మాజీ జవాను:

రైతు గారూ, సర్వీసు చేసినవాడిగా చెబుతున్నాను, మీరు రెండు వేర్వేరు సంగతుల్ని ఒక ముడి వేశారు. ఎక్సైజ్ డబ్బు రోడ్లకి పోతుంది, ఉచిత బియ్యానికి పోతుంది, అప్పుల వడ్డీకి పోతుంది. దాన్ని యుద్ధం బిల్లు అనడం న్యాయం కాదు. 1980ల చివర్లో రక్షణ ఖర్చు దేశ ఆదాయంలో 3 శాతానికి పైన ఉండేది, ఇప్పుడు 2 శాతానికి కిందే ఉంది. అంటే సైన్యం వాటా తగ్గింది, పెరగలేదు. ఆ 6.81 లక్షల కోట్లలో కూడా 1.60 లక్షల కోట్లు మాలాంటి వాళ్ల పింఛన్లే.

మన గోపాలపూర్ పక్కనే ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది కదా, అక్కడ నేర్చుకున్న కుర్రాళ్లే మేలో పంజాబ్, జమ్ము వైపు గన్నుల దగ్గర కూర్చున్నారు. డ్రోన్లు మందలుగా వస్తుంటే పాత ఎల్-70 గన్నులకి కొత్త రాడార్లు, కెమెరాలు తగిలించి, పక్కన ఆకాశ్ మిసైళ్లు పెట్టుకుని దింపారు. ఆ గన్నులకి ఎప్పుడో ఖర్చు పెట్టారు కాబట్టి ఆ రాత్రి అమృత్‌సర్‌లో జనం బతికారు. 1962లో ఖర్చు పెట్టకపోతే ఏమైందో మా నాన్న తరం చూసింది, చలి బట్టలు లేకుండా కొండ మీదకి పంపారు. ఆ లెక్క ఏ స్టాంపుతో కడతారు?

ఇంకోటి. 2025 అక్టోబరులో చిల్లర ధరల పెరుగుదల 0.25 శాతం. అప్పటి సూచీ మొదలయ్యాక అంత తక్కువ ఎప్పుడూ లేదు. యూపీఏ రోజుల్లో రెండంకెలు చూశాం. అప్పుడు సిలిండర్లు పట్టుకుని రోడ్డెక్కిన వాళ్లే ఇప్పుడు దించి చూపించారు, ఆ మాట కూడా ఒప్పుకోవాలి.

కాశీనగర్ రైతు:

బాబాయ్ గారూ, అమృత్‌సర్ సంగతి మీరు చెప్పినట్టే, అందులో నాకు తేడా లేదు. కానీ 0.25 శాతం అంటే ధరలు తగ్గాయని కాదు. 2024లో అవే రోజుల్లో కూరగాయలు మండిపోయాయి, దాని పక్కన పెట్టి చూస్తే 2025లో తక్కువ కనిపించింది. తిండి సరుకుల లెక్క సున్నా కంటే 5 శాతం కిందికి పోయింది, అంటే పండించినవాడికి ఆ మేరకు తక్కువ వచ్చింది. కర్నూలు ఉల్లి రైతుని అడగండి, పంట కోసిన కూలి కూడా రాలేదు. బిల్లు అక్కడ కూడా రైతు చేతికే వచ్చింది.

వాటా తగ్గిందన్నారు, నిజమే. నేను వాటా గురించి మాట్లాడటం లేదు, వసూలు గురించి మాట్లాడుతున్నాను. ఇక మన యుద్ధాలే కాదు, ఇతరుల యుద్ధాలకి కూడా మనమే కడుతున్నాం. ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక ఎరువుల ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్ కొట్టుకుంటే ఇరాన్‌లోనూ ఈజిప్టులోనూ యూరియా ఫ్యాక్టరీలు ఆగాయి. చైనా ఎగుమతులు బిగించింది. ఖరీఫ్‌లో మన దగ్గర ఏమైంది? యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలే, కాగితం మీద. తెల్లవారకుండా చెప్పులు లైన్లో పెట్టి నిలబడితే ఒక డీలరు నానో యూరియా బాటిల్ తీసుకుంటేనే బస్తా ఇస్తానన్నాడు. వరి పొట్ట దశకి వస్తోంది, అప్పుడు బేరమాడే ఓపిక ఎవరికి ఉంటుంది, తీసుకున్నాం. ఆ బాటిల్ డబ్బు ఏ ధరల సూచీలో లెక్కపెట్టారో చెప్పండి.

సునాబెడ రిటైర్డ్:

నేను కొరాపుట్ నుంచి. ఇక్కడ ఇంజిన్ ఫ్యాక్టరీలో చేసి దిగాను, 1960ల్లో మిగ్ ఇంజిన్ల కోసం పెట్టింది. రక్షణ ఖర్చు అంటే ఢిల్లీలో పోసే నీళ్లన్నట్టు మాట్లాడుతున్నారు. 2024 సెప్టెంబరులో సుఖోయ్ విమానాలకి 240 ఇంజిన్లు చేయమని కేంద్రం మా ప్రభుత్వ విమానాల కంపెనీ హెచ్ఏఎల్‌కి 26,000 కోట్లకి పైగా విలువైన ఆర్డరు ఇచ్చింది, ఎనిమిదేళ్ల పని, అవి ఇక్కడే తయారవుతాయి. ఈ కొండల్లో వేరే ఏ ఫ్యాక్టరీ ఇన్నేళ్లు ఇంతమందికి అన్నం పెట్టింది? ఐటీఐ చేసిన మా పక్కింటి అబ్బాయి లేత్ మీద నిలబడి జీతం తెచ్చుకుంటున్నాడు. వాళ్ల నాన్న రాయగడ పేపరు మిల్లుకి వెదురు కొట్టేవాడు.

అయితే రైతు గారు అన్న ఒక మాట నాకు కూడా తగులుతోంది. ఫ్యాక్టరీ గేటు లోపల ఒక లోకం, గేటు బయట ఒక లోకం. అది రక్షణ శాఖ తప్పని నేను అనను. ఇన్నేళ్లుగా రాష్ట్రాన్ని ఏలిన వాళ్లని కూడా అడగాలి, బీజేడీకి 24 ఏళ్లు ఇచ్చాం కదా.

చికిటి కుర్రాడు, సూరత్:

అన్నలూ, గంజాం వాళ్లం సూరత్‌లో మగ్గాల మీద ఎంతమందిమి ఉన్నామో మీకు తెలుసు. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకులో చాలావాటి మీద 50 శాతం సుంకం వేసింది, అందులో సగం రష్యా ముడిచమురు కొంటున్నామని వేసిన జరిమానా. ఎవరి యుద్ధం, ఎవరి జరిమానా! ఎగుమతి ఆర్డర్లు పట్టే చోట షిఫ్టులు తగ్గించారు. మాకు మీటరు లెక్క, మగ్గం ఆగితే ఆ రోజు కూలి లేదు. రష్యా నుంచి చవగ్గా కొన్నారు, మంచిదే, ఆ చవక బంకు దాకా వచ్చిందా అంటే రాలేదు. దెబ్బ మాత్రం మా దాకా వచ్చింది. ఏ పార్టీ వాళ్లయినా దీనికి జవాబు చెప్పండి, తిట్లు వద్దు.

గోళబంధ మాజీ జవాను:

తమ్ముడూ, రష్యా ముడిచమురు కొనకపోతే లీటరు ఇంకా పైకి పోయేది. 2022 మార్చిలో బ్యారెల్ ఒక దశలో 139 డాలర్లు తాకింది, అమెరికాలోనే జూన్‌కి ధరల పెరుగుదల 9.1 శాతం. మన దగ్గర ఏప్రిల్‌లో 7.79 దగ్గర ఆగింది. ఆ ఏడాది ఎరువుల సబ్సిడీకే రెండున్నర లక్షల కోట్లు పెట్టారు, డీఏపీ బస్తా 1,350 దగ్గర నిలిపారు. యుద్ధం బిల్లులో పెద్ద భాగం సర్కారే మోసింది.

బంకు రేటు అంటారా, పర్లాకిమిడి నుంచి పది నిమిషాలు పాతపట్నం వైపు వెళ్లి చూడండి. అటు పెట్రోలు లీటరుకి ఏడెనిమిది రూపాయలు ఎక్కువ. సాయంత్రం మన వైపు బంకుల్లో ఏపీ నంబరు బళ్లే వరసగా ఉంటాయి, కొంతమంది క్యాన్లు కూడా తెస్తారు. ముడిచమురు ఒకటే, కేంద్ర ఎక్సైజ్ ఒకటే, తేడా అంతా రాష్ట్రం వేసే వ్యాట్. అన్నీ ఢిల్లీ మీద తోసేస్తే ఎలా?

కాశీనగర్ రైతు:

అది మీరు బాగా పట్టుకున్నారు, నేను కూడా అదే అంటున్నాను. ఇప్పుడు అటూ ఇటూ ఒకే కూటమి ప్రభుత్వాలు, అయినా తేడా అలాగే ఉంది. అంటే పార్టీ ఏదైనా సరే, కనపడని చోట పన్ను వేయడం అందరికీ అలవాటైంది. పైగా కేంద్రం ఎక్సైజ్‌లో ఎక్కువ భాగం సెస్సుల రూపంలో తీసుకుంటుంది, ఆ సెస్సులో రాష్ట్రాలకి వాటా ఉండదు. రాష్ట్రం తన వంతు వ్యాట్‌లో లాగుతుంది. ఇద్దరి చేతులూ ఒకే జేబులో.

గుణుపురం టీచర్:

ఇంతసేపూ మగవాళ్లు పెట్రోలు దగ్గరే ఉన్నారు. నేను స్కూల్లో రోజూ చేసే లెక్క చెబుతాను. మధ్యాహ్న భోజనానికి ప్రాథమిక తరగతి పిల్లకి ఒక పూటకి వంట ఖర్చు 6 రూపాయల 78 పైసలు. 2025 మే నుంచి 9.5 శాతం పెంచితే అంతయింది. బియ్యం వేరే వస్తాయి. నలభై మంది పిల్లలు వచ్చిన రోజు 271 రూపాయలు. దాంట్లో 800 గ్రాముల పప్పు, 2 కిలోల కూరగాయలు, 200 గ్రాముల నూనె, ఉప్పు కారాలు, గ్యాసు. దాల్మా (పప్పు, కూరగాయలు కలిపి వండే ఒడియా వంట) వండితే నీళ్లలో పప్పు వెతుక్కోవాలి. 2024 సెప్టెంబరులో వంటనూనెల మీద దిగుమతి సుంకం పెంచారు, సోయా రైతు కోసమన్నారు, నవంబరులో మహారాష్ట్ర ఎన్నికలు. మళ్లీ 2025 మే ఆఖరులో ముడి నూనెల మీద సగం తగ్గించారు. ఆ మధ్య నెలల్లో మా పొయ్యి మీద నూనె ఎంత పడిందో నాకు తెలుసు.

వంట చేసే ఆమెకి కేంద్రం లెక్కలో నెలకి 1,000 రూపాయలు, ఏడాదికి పది నెలలే. 2009లో పెట్టిన అంకె. పైన రాష్ట్రం కొంత కలుపుతుంది. 2009లో ఉన్నది యూపీఏ, 2014 తరవాత ఎన్డీఏ, ఆ వెయ్యి మాత్రం కదల్లేదు. జవాను గారూ, మీ పింఛన్ మీద నాకు ఏ అసూయా లేదు, మీకు రావాలి. కానీ మీది ధరలతో పాటు పెరుగుతుంది, ఆమెది పెరగదు. దేశం అన్న మాటలో ఆమె ఉందా లేదా అన్నది నా ప్రశ్న.

గోళబంధ మాజీ జవాను:

టీచర్ గారూ, ఆ వెయ్యి సంగతి నాకు తెలియదు, వింటే బాధేసింది. అది పెంచాలి, ఎవరున్నా పెంచాలి. కానీ రక్షణలో కోసి అక్కడ పెట్టమంటే నేను ఒప్పుకోను. ఇంటి ఖర్చు ఆపేశారన్నది కూడా నిజం కాదు. రాష్ట్రం సుభద్ర పథకం కింద ఆడవాళ్లకి ఏడాదికి 10,000 వస్తోంది. గుణుపురం నుంచి తేరుబాలికి రైలు, మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురానికి రైలు, రెండూ 2024 ఆగస్టులో కేబినెట్ ఆమోదించింది. ఇన్ని దశాబ్దాలు ఎవరూ పట్టించుకోని లైన్లవి.

గుణుపురం టీచర్:

రైలు వస్తే సంతోషమే, మా వాళ్లు రాయగడ వెళ్లాలంటే ఘాటు రోడ్డులో పడే పాట్లు నాకు తెలుసు. సుభద్ర మా ఇంట్లో కూడా వచ్చింది. అయినా పదివేలు చేతికిచ్చి, నూనెలో, డీజిల్లో, బస్తాలో ఎంత వెనక్కి పోయిందో ఇంట్లో ఆడమనిషి లెక్క కట్టుకోగలదండీ.

కాశీనగర్ రైతు:

ఫిబ్రవరిలో బడ్జెట్ వస్తుంది. ఇక్కడ వాదించుకోవడం కంటే ఒక కాగితం రాసి ఇద్దరు ఎంపీలకీ ఇద్దాం. బరంపురం ఎంపీ బీజేపీ, కొరాపుట్ ఎంపీ కాంగ్రెస్, ఇద్దరికీ అదే కాగితం. వంట మనిషి గౌరవ వేతనం, పిల్లల పూట ఖర్చు డీఏ లాగా ధరలతో ముడిపెట్టాలి. విత్తనాలు వేయక ముందే ఎరువులు గోదాముల్లో ఉండాలి. డీజిల్ బిల్లు మీద కేంద్రం ఎంత, రాష్ట్రం ఎంత తీసుకుందో అచ్చు వేయాలి. టీచర్ గారు ఒడియాలో రాస్తే బాగుంటుంది.

గోళబంధ మాజీ జవాను:

రక్షణ ఖర్చు తగ్గించమనే వాక్యం ఉంటే నా సంతకం ఉండదు. డీజిల్ పన్ను తగ్గించమని రాస్తే ఆ లోటు ఎక్కడ పూడుస్తారో కూడా రాయండి.

కాశీనగర్ రైతు:

రక్షణ తగ్గించమని రాయను బాబాయ్ గారూ. లోటు సంగతి అడిగారు కాబట్టి, 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి దించారు. దానివల్ల ఏడాదికి 1.45 లక్షల కోట్లు వదులుకుంటున్నామని ఆనాడు ఆర్థిక మంత్రే చెప్పారు. సరిహద్దు అందరిదీ అయినప్పుడు అందులో కొంతైనా వెనక్కి తీసుకుని ఆ మేరకు డీజిల్ మీద తగ్గించమని రాస్తాను. ముసాయిదా ఆదివారానికి పెడతాను. మీరు సంతకం పెట్టకపోయినా చదివి, అంకెల్లో ఎక్కడైనా తేడా ఉంటే చెప్పండి.